స్త్రీ వేషాల స్థానం

తెలుగు నాటకరంగం మీద స్త్రీ పాత్ర అనగానే పాత తరం ప్రేక్షకులకు మొదట గుర్తొచ్చే పేరు స్థానం నరసింహారావు. 1902లో బాపట్లలో పుట్టిన ఆయన రంగప్రవేశం అనుకోకుండా జరిగింది. ఊళ్లో హరిశ్చంద్ర నాటకం వేస్తున్నప్పుడు చంద్రమతి వేషధారి రాలేదు. ఆ వేషం యువకుడైన స్థానానికి దక్కింది. తర్వాత తెనాలి రామవిలాస సభలో చేరి పేరు తెచ్చుకున్నారు.

చింతామణి, చిత్రాంగి, రోషనార, మధురవాణి, దేవదేవి, ఇలా ఎన్నో పాత్రలు వేసినా ఆయన్ను చిరస్మరణీయుణ్ణి చేసింది ‘శ్రీకృష్ణతులాభారం’లోని సత్యభామే. ముత్తరాజు సుబ్బారావు రాసిన ఆ నాటకంలో పాడేందుకు ‘మీరజాలగలడా’ పాటను స్థానమే స్వయంగా రాసుకున్నారు. ఆ ఒక్క పాటలో భామ గర్వం, చనువు, ప్రేమ అన్నీ పలుకుతాయి. 1966లో అదే పేరుతో వచ్చిన సినిమాలోనూ ఆ పాట మారుమోగింది.

ఆయన సత్యభామ గొప్పతనం చీరకట్టులోనో గొంతులోనో మాత్రమే లేదు. నడకలో, చూపులో, ఒక్క మాటను పలు భావాలతో పలకడంలో ఉంది.

1942లో ‘సత్యభామ’ సినిమాలోనూ నటించారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. తన రంగస్థల అనుభవాలను ‘నటస్థానం’ పుస్తకంలో రాశారు. 1971లో కన్నుమూశారు.