మరల వచ్చిన నలుపు తెలుపు

మన ఇండ్లలో గోడలకు వ్రేలాడు పాత పటములను శ్రోతలు ఒక్కసారి తలచుకొందురు గాక. తాతగారి షష్టిపూర్తి, అమ్మగారి పెండ్లి, అన్నియు నలుపు తెలుపులే. ఆ పటము వెనుక ఒక ఫిల్మును, ఆ ఫిల్ము వెనుక ఒక కర్మాగారమును ఉన్నవి. కర్మాగారము మూతపడినచో ఆ ఫిల్ము తిరిగి వచ్చునా? ఇటలీలో జరిగిన ఒక కథను ఈ సందర్భమున మనవి చేయదలచినాము.

ఇటలీ వాయవ్యభాగమున, లిగూరియా మండలములో, ఫెర్రానియా యను చిన్న గ్రామము కలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున అచ్చట ప్రేలుడు పదార్థముల కర్మాగారము వెలసెను. ఆనాటి తుపాకిమందునకును ఫిల్ముపట్టీకిని మూలద్రవ్యమొక్కటే. ఆమ్లముతో సంస్కరించిన ప్రత్తి, అనగా నైట్రోసెల్యులోజు. కావుననే మందు చేసినచోటనే ఫిల్ము చేయుట సాధ్యమయ్యెను.

1960 ప్రాంతమున అచ్చటినుండి పి 30 అను నలుపు తెలుపు ఫిల్ము వెలువడెను. సోఫియా లారెన్‌కు ఆస్కారు బహుమానము తెచ్చిన డి సికా చిత్రము ‘లా చొచారా’ దీనిమీదనే తీయబడినదని ఫెర్రానియావారు చెప్పుకొందురు. 1964లో త్రీ ఎమ్ అను అమెరికా సంస్థ ఆ కర్మాగారమును కొన్నది. పిమ్మట రంగుల కాలము వచ్చెను; ఆ పిమ్మట ఫిల్మే అక్కరలేని డిజిటల్ కెమెరాలు వచ్చెను. పి 30 మరుగున పడెను. 2010 నాటికి అచ్చట ఫిల్ము తయారీయే ఆగిపోయెను.

2013లో ఇరువురు ఇటలీ దేశస్థులు ఆ ఆవరణలోని పాత పరిశోధనశాలలో నూతన సంస్థను నెలకొల్పిరి. కూల్చివేతకు సిద్ధమైన భవనములనుండి యంత్రములను దక్కించుకొనుటకై 2014లో ప్రజలను చందాలు కోరిరి. 5,500 మందికి పైగా దాతలు 3 లక్షల 20 వేల డాలర్లకు మించి ఇచ్చిరి. వారికి చేసిన వాగ్దానము మాత్రము రంగుల ఫిల్ము.

రంగుల ఫిల్మునకు పెక్కు పొరలు కావలెను. నలుపు తెలుపునకు కొద్ది పొరలు చాలును. జెలటిన్‌లో వెండి లవణములను కలిపి, చిమ్మచీకటిలో, పట్టీపై సమముగా పూయవలెను. పాళ్ళు కాగితముపై వ్రాసియుంచవచ్చును. ద్రవము ఎప్పుడు చిక్కబడునో, యంత్రము ఏ సవ్వడితో మొరాయించునో ఎరిగిన పనివాని చేతివాటము కాగితమునకు అందదు. పాతవారు కొందరు నూతన సంస్థలో చేరుట చేతనే పని సాగినది. తుదకు 2017 ఫిబ్రవరిలో లోకము ఎదుటికి వచ్చినది రంగుల ఫిల్ము కాదు. అర్ధశతాబ్దము దాటిన పి 30.

మన దేశమునకును ఇట్టి ముచ్చట ఒకటి కలదు. 1960లో భారత ప్రభుత్వము నీలగిరులలో, ఉదకమండలమున, హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించెను. ‘ఇందు’ అను పేర దాని ఫిల్ము దేశమంతట వాడబడెను. ఆ కర్మాగారమును మూతపడినది. ఫెర్రానియాలో యంత్రములు తుక్కుగా మారకమునుపే, పనివారు చెదరకమునుపే, ఎవరో ఒకరు తలుపు తట్టిరి. ఉదకమండలమున ఆ తలుపు తట్టినవారు లేరు. ఇందు మరల ఉదయింపలేదు.