కల్లు దుకాణం నుంచి వార్డు దాకా: నల్లగొండ, పాలమూరు నిబంధనల చరిత్ర

తాటికల్లు, ఈతకల్లు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో మొదట ఊరి తిండితో కలిసిపోయిన పానీయం. తర్వాత సర్కారు ఖజానాకు ఆదాయమైంది. చివరికి కొన్ని పల్లెల్లో, బస్తీల్లో వైద్యం చేయించాల్సిన వ్యసనమై కూర్చుంది. ఈ మూడు దశల్లోనూ దాని చుట్టూ నిబంధనలు ఉన్నాయి, వాటిని మార్చాలని అడిగినవాళ్లూ ఉన్నారు. అయితే అడిగింది ఎక్కువగా చెట్టెక్కేవాళ్లే. కల్లు తాగి మంచం పట్టిన మనిషి, తనకు వైద్యం జరిగే తీరు గురించి నోరు తెరిచి అడిగే హక్కు చట్టంలో స్పష్టంగా రాయించుకోవడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది.

చెట్టు పని తీరు తెలిస్తే గానీ ఈ కథ అర్థం కాదు. గీత కార్మికుడు నడుముకు ముత్తాదు బిగించి, చెట్టు చుట్టూ మోకు వేసి, కాళ్లకు గుజి తగిలించుకుని ఎక్కుతాడు. గెల కొసను కత్తితో పల్చగా చెక్కి కింద లొట్టి కడతాడు. గాటు ఆరిపోతే ధార ఆగిపోతుంది కనుక రోజూ పొద్దున, సాయంత్రం మళ్లీ గీయాలి. పండగైనా జ్వరమైనా చెట్టు ఆగదు. తాటిలో పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు అనే రకాలు ఒకదాని తర్వాత ఒకటి పారతాయి. ఈతచెట్టు లెక్క వేరు, దానికి చలికాలం అనుకూలం. సున్నం పూసిన లొట్టిలో తెల్లవారుజామున దిగేది నీరా. సున్నం లేని లొట్టిలోదైతే ఎండ ఎక్కేకొద్దీ పులిసి కల్లవుతుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి నోట పెట్టలేనంత పుల్లనవుతుంది. బోనాల్లో సాక పోయడానికైనా, చావు ఇంటి దగ్గర బంధువులకు పోయడానికైనా ఏ రోజు కల్లు ఆ రోజే కావాలి. ఒక్క రోజుకు మించి నిలవని ఈ సరుకును దూరం పంపడం కష్టం, దాచడం అసలే కుదరదు. తర్వాతి కాలపు కల్తీకి బీజం ఇక్కడే పడింది.

నిజాం పాలనలో ఆబ్కారీ రాబడి రాజ్యానికి ముఖ్యమైన ఆదాయాల్లో ఒకటి. ఫసలీ 1316లో, అంటే 1906–07 ప్రాంతంలో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టు పట్టా భూమిలో ఉన్నా గీయాలంటే సర్కారు అనుమతి కావాలి, దుకాణాలు వేలంలో గుత్తకు పోవాలి. గుత్తేదారు పాట పాడి దుకాణం దక్కించుకుంటే గీసేవాడు అతని కింద పనివాడయ్యేవాడు. దీనిమీద దొర వెట్టి ఒకటి. గడీకి రోజూ కల్లు ఉత్తగా పోయడం గౌడుల మీద పడిన వెట్టి. దొర ఇంట్లో పెళ్లో పండగో వస్తే ఆ లెక్క పెరిగేది. కాబట్టి ఆ రోజుల్లో చెట్టు మీద ముగ్గురు యజమానులున్నారు: సర్కారు, గుత్తేదారు, దొర. ఎక్కి దిగేవాడు మాత్రం నాలుగో మనిషి.

1930లో జోగిపేటలో తొలి మహాసభ జరుపుకున్న ఆంధ్రమహాసభ, 1944లో నల్లగొండ జిల్లా భువనగిరి సభ నాటికి రావి నారాయణరెడ్డి నాయకత్వంలో వెట్టి వ్యతిరేక పోరాట వేదికగా మారింది. కల్లు వెట్టి ఆగిపోవడం మహాసభ సంఘం బలపడిన ఊళ్లలో తొలి ఫలితాల్లో ఒకటి. ఇదే కాలంలో కల్లు మీద మరో దాడి పూర్తిగా వేరే దిక్కు నుంచి వచ్చింది. 1947లో హైదరాబాద్ సంస్థానాన్ని భారత యూనియన్‌లో కలపాలంటూ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం చేసినప్పుడు, నిజాం ఆదాయాన్ని దెబ్బకొట్టడానికి తాటి, ఈత చెట్లు నరికారు. రాజకీయంగా అది గురి చూసి కొట్టిన దెబ్బే. కానీ నేలకూలిన చెట్టు ఖజానాకు ఎంత నష్టమో గీసేవాడి పొయ్యికీ అంతే నష్టం. తాటిచెట్టు గీతకు రావడానికి ఒక తరం కాలం పడుతుంది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేసరికి ఒక రాష్ట్రం, రెండు కల్లు చట్టాలు. ఆంధ్ర ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వపు మద్యనిషేధ వారసత్వం నడుస్తోంది. రాజాజీ 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన ప్రయోగం తర్వాత తెలుగు జిల్లాలకూ పాకింది. నిషేధం వల్ల గీత కార్మికులు ఉపాధి కోల్పోయారన్న గొడవ ఎంత ముదిరిందంటే, నిషేధం ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫార్సును ఒప్పుకోని అప్పటి ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానంతో కూలిపోయింది. తెలంగాణలో మాత్రం అప్పటికి నిషేధమే లేదు, గుత్తలే సాగాయి. ఉమ్మడి రాష్ట్రానికి ఒకే ఎక్సైజ్ చట్టం 1968లో వచ్చింది.

గుత్తేదారును పక్కకు తప్పించి చెట్టును గీసేవాడికే ఇవ్వాలన్న డిమాండ్ నల్లగొండలో బలంగా వినిపించడానికి ఒక కారణం బొమ్మగాని ధర్మభిక్షం. సూర్యాపేటలో విద్యార్థి వసతిగృహం నడిపి, సాయుధ పోరాటంలో జైలుకు వెళ్లిన ఆయన గీత పనివారలను సంఘంగా నిలబెట్టారు. శాసనసభకు, 1991, 1996 ఎన్నికల్లో నల్లగొండ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. సొసైటీలు, వ్యక్తిగత లైసెన్సులు ఈ ఒత్తిడి ఫలితమే. ఎక్సైజ్ కాగితాల్లో సొసైటీని టీసీఎస్ అని, సొసైటీ లేని చోట గీసేవాడికి నేరుగా చెట్లు ఇచ్చే పద్ధతిని టీఎఫ్‌టీ అని రాస్తారు. ఊళ్లో ఎవరూ వీటిని విడదీసి చెప్పరు, టీఎఫ్‌టీ అంటే లైసెన్సు ఉన్న మనిషి అని అర్థం. తర్వాతి కోరికలు ఒక్కొక్కటిగా చేరాయి: చెట్టు మీది నుంచి పడి చనిపోతే ఎక్స్‌గ్రేషియా, 50 ఏళ్లకే పింఛన్, చెట్టు పన్ను రద్దు, తాటివనం పెంచడానికి 560 జీవో ప్రకారం సొసైటీకి 5 ఎకరాలు. మొదటి మూడూ ఏదో ఒక రూపంలో దక్కాయి. భూమి మాట మాత్రం ధర్నాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. చెట్టు ఎక్కేటప్పుడు ప్రాణం కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్ల పంపిణీ 2024లో మొదలైంది.

ఈ డిమాండ్లలో తాగేవాడి ఆరోగ్యం ఎక్కడా లేదు. అది సంఘం తప్పు అనడానికీ లేదు. మంచి కల్లు గీసేవాడికీ తాగేవాడికీ మధ్య పేచీ ఉండాల్సిన పని లేదు. నాలుగైదు శాతం ఆల్కహాలు, ఎక్కి దిగే మనిషి తెలిసినవాడు, చెట్టు కనిపించే దూరంలో. పేచీ మొదలైంది చెట్టుకూ దుకాణానికీ మధ్య దూరం పెరిగినప్పుడు.

సారా సంగతి కొంత వేరు. 1980ల్లో ప్రభుత్వమే ప్యాకెట్లలో పంపిన వారుణి వాహిని సారా ఊరూరికీ చేరింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమంతో 1993లో సారాను నిషేధించారు, 1995లో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. కల్లును అందులోంచి మినహాయించారు. 1997లో నిషేధాన్ని సడలించేదాకా చట్టబద్ధంగా తాగదగిన మత్తు కల్లు ఒక్కటే అయింది. చెట్లు మాత్రం రెండింతలు కాలేదు.

మహబూబ్‌నగర్ వైపు పల్లెల్లో గిరాకీ ఎప్పుడూ చెట్లను మించిందే. వాన తక్కువ, వలస ఎక్కువ. పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా తెలిసింది. పొద్దంతా మట్టి మోసి వచ్చిన మనిషికి తక్కువ డబ్బుకు నిద్ర పట్టించే మత్తు కావాలి. లొట్టిలో దిగిన కల్లు ఆ గిరాకీకి చాలదు. నీళ్లలో చక్కెర, శాకరిన్, కాస్త అసలు కల్లు కలిపి రంగు, రుచి తెప్పించవచ్చు, మత్తు మాత్రం రాదు. ఆ మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్ వచ్చింది, ఊళ్లలో దానికి సీహెచ్ అనే పేరు స్థిరపడింది. జర్మనీలో 1832లో తయారైన ఈ రసాయనాన్ని 1869 నుంచి వైద్యులు నిద్రమందుగా వాడారు. దాని తర్వాత డైజీపాం, ఆ తర్వాత అల్ప్రాజోలం. కొన్ని గ్రాముల పొడి డ్రమ్ము నిండా కల్లును మార్చేస్తుంది, చెట్టు ఎక్కాల్సిన అవసరం లేదు. దీన్ని కల్తీ అన్నా, నిజానికి కల్లు పేరుతో అమ్మే నిద్రమాత్ర ఇది. తాగేవాడికి తాను మాత్రలకు అలవాటు పడ్డానన్న సంగతే తెలియదు.

ఆ సంగతి బయటపడింది సరుకు ఆగినప్పుడు. 2015లో తెలంగాణ ప్రభుత్వం గుడుంబా, కల్తీ కల్లు మీద దాడులు పెంచింది. సెప్టెంబరులో మహబూబ్‌నగర్, నిజామాబాద్ తదితర జిల్లాల ఆస్పత్రులకు జనం బారులు తీరారు. మహబూబ్‌నగర్ జిల్లా ఆస్పత్రి మంచాలు నిండిపోయాయి, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ పంపారు. లక్షణాలు దాదాపు ఒకే వరసలో ఉంటాయి. మొదటి రాత్రి నిద్ర పట్టదు. రెండో రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మూడో రోజుకి కొందరికి ఫిట్స్, కొందరికి లేనివి కనిపించడం, గాలిలో ఏదో ఏరుకోవడం, ఇంటివాళ్లను గుర్తుపట్టకపోవడం. పత్రికలు దీన్ని వింత ప్రవర్తన అని రాశాయి. వైద్యులకు ఇందులో వింతేమీ లేదు. ఈ మందులు ఒక్కసారిగా ఆగితే మెదడు అలాగే ఎదురుతిరుగుతుంది. అదే కుటుంబానికి చెందిన మందును నిర్ణీత మోతాదులో ఇచ్చి, రోజురోజుకూ తగ్గించుకుంటూ రావడమే చికిత్స. అంటే దుకాణం మూసేయడం ఒక్కటే పనికాదు, మూసిన రోజునే ఆస్పత్రిలో మందు సిద్ధంగా ఉండాలి. దాడులకు పథకం వేసినవాళ్లు ఈ రెండో సగాన్ని ముందే ఆలోచించి ఉంటే కొన్ని ప్రాణాలు నిలిచేవి.

వార్డులో చేరిన మనిషికి ఏ నిబంధనలు వర్తిస్తాయన్నది అప్పటికి ఇంకా గందరగోళమే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 1980ల మధ్య నుంచి స్వచ్ఛంద సంస్థల ద్వారా వ్యసన విముక్తి కేంద్రాలకు సాయం చేస్తోంది. మాదకద్రవ్యాల చట్టం 1985లోనే కేంద్రాలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. ప్రైవేటు కేంద్రాల్లో లోపలి కట్టుబాట్లు మాత్రం నడిపేవాళ్ల ఇష్టం. చేరిన రోజే ఫోన్ తీసుకోవడం, ఇంటివాళ్లను వారాల తరబడి కలవనివ్వకపోవడం, వెళ్తానంటే వెళ్లనివ్వకపోవడం, ఊడ్చే పని, వంట పని చేయించడం, ఎదురుచెబితే శిక్ష. ఇవి దేశమంతటా కేంద్రాల్లో చేరినవాళ్లు పదే పదే చేసే ఫిర్యాదులు. వీటిలో కొన్నింటికి వైద్యపరమైన సాకు ఉంది. మొదటి వారం ఫోన్ చేతిలో ఉంటే పాత స్నేహితుడే సరుకు తెస్తాడు. కానీ ఆ సాకు నెలల తరబడి నిలవదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల దుర్వినియోగం వల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన నిర్వచనంలో చేర్చుకుంది. 2018లో అమల్లోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం బలవంతంగా గుండు కొట్టించకూడదు, యూనిఫాం వేయించకూడదు. పని బలవంతంగా చేయించకూడదు, చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. చూడవచ్చేవాళ్లను కలవడం, ఫోన్ మాట్లాడడం రోగి హక్కు. గొలుసులు ఏ రూపంలోనూ కుదరవు. మంచానికి కట్టిపడేయడం, రోగికో ఇతరులకో వెంటనే జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, బాధ్యుడైన మానసిక వైద్యుడి అనుమతితో, అవసరమైనంతసేపే. సిబ్బంది చాలకపోవడం దానికి కారణం కారాదని చట్టం ప్రత్యేకంగా రాసింది. రోగుల వెల్లువ వచ్చిన 2015 లాంటి రాత్రికి సరిగ్గా ఆ వాక్యమే కావాలి. సొంత ఇష్టంతో చేరినవాడు ఇంటికి పోతానంటే పంపాలి. ప్రమాదం ఉందనుకుంటే 24 గంటలు ఆపి పరిశీలించవచ్చు. సేవల్లో లోపముంటే మొదట కేంద్రం బాధ్యత చూసే వైద్యాధికారికి, అక్కడ తేలకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి, ఆపైన రాష్ట్ర ప్రాధికార సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. రోగి తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ముందే నియమించుకోవచ్చు.

చట్టం ఇచ్చింది ఫిర్యాదు హక్కు. నిబంధనలు రాయడంలో కోలుకునేవాళ్లే పాలుపంచుకోవడం ఇంకో మెట్టు. దానికి మాదిరులు బయట ఉన్నాయి. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ప్రతి బృందం తన సమావేశం ఎలా నడవాలో సభ్యుల ఉమ్మడి అభిప్రాయంతో తేల్చుకుంటుంది. 1975లో మేరీల్యాండ్ రాష్ట్రంలో ఒక పునరావాస గృహం మూతపడబోతుంటే అందులో ఉన్నవాళ్లే అద్దెకు తీసుకుని నడిపారు. ఆక్స్‌ఫర్డ్ హౌస్ పేరుతో విస్తరించిన ఆ పద్ధతిలో ఇంటి పనుల వంతులు, కొత్తవాళ్లను చేర్చుకోవడం అన్నీ నివాసుల ఓటుతో జరుగుతాయి. తిరిగి తాగినవాడు వెళ్లిపోవాలన్నది మాత్రం ఎవరూ మార్చని నిబంధన. టీసీఎస్ సొసైటీ పెట్టి చెట్లు పంచుకున్న నల్లగొండకు ఈ పద్ధతి అంత కొత్తదేమీ కాదు. ఇక్కడ సొసైటీ గీసేవాళ్ల వరకే ఆగింది.

2016లో జిల్లాలు విడిపోయాయి. పాత నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, తర్వాత 2019లో నారాయణపేట ఏర్పడ్డాయి. కల్తీ సమస్య జిల్లా సరిహద్దులతో పాటు విడిపోలేదు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలన్నీ ఒక్కసారిగా మూతపడినప్పుడు ఎర్రగడ్డకు రోగులు మళ్లీ పోటెత్తారు. 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ పట్టణంలో కల్లు తాగేవాళ్లు అస్వస్థతతో ఆస్పత్రి పాలయ్యారు, మరణాలూ నమోదయ్యాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. ప్రతిసారీ దుకాణాల లైసెన్సులు, నమూనాల పరీక్షలు, అరెస్టుల మీదే చర్చ జరిగింది. మత్తుకు బానిసైనవాళ్లకు సలహా కోసం 14446 నంబరు పనిచేస్తోంది. మండల ఆస్పత్రిలో మోతాదు తగ్గించే మందు, దాన్ని రాసే వైద్యుడు, రోగి ఫిర్యాదును విని తేల్చే మండలి ఎంతమందికి అందుబాటులో ఉన్నాయన్న చర్చ అంతగా సాగలేదు.