కేంద్రము, ముల్లుగర్ర

సంగారెడ్డి చెంతనున్న పోతిరెడ్డిపల్లి విద్యార్థికి 'కేంద్రం' రెండు విధాల పరిచయం: ఒకటి జిల్లా కేంద్రం, రెండవది కంపాసు ముల్లు గుచ్చిన వృత్తకేంద్రం. వినడానికి సంస్కృతమే, పుట్టుక మాత్రం గ్రీకు. గ్రీకు భాషలో 'కెంట్రోన్' అనగా ఎద్దులను అదిలించే ముల్లుగర్ర, దాని మొన. కంపాసు మొన నిలిచే బిందువుకూ అదే పేరు వచ్చినది. క్రీ.పూ. 300 ప్రాంతాన యూక్లిడ్ వృత్తమధ్యాన్ని ఈ మాటతోనే నిర్వచించాడు.

గ్రీకు జ్యోతిషంలో రాశిచక్రపు నాలుగు ముఖ్యస్థానాలకు కూడ ఇదే పేరు. ఆ శాస్త్రంతో పాటు మాటా భారతదేశం చేరినది. 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహజ్జాతకంలో ఆ స్థానాలను 'కేంద్ర'మనీ, 'కంటక'మనీ పేర్కొన్నాడు. కంటకమన్నా ముల్లే! మూలార్థం తెలిసినవారే ఈ రెండవ పేరు పెట్టి ఉండాలి. ఇంగ్లీషు 'సెంటర్' లాటిన్ మీదుగా వచ్చిన దీని తోబుట్టువే. పరమాణువు నడిమి భాగానికి తెలుగులో 'కేంద్రకం' అన్న పేరు కూడ ఈ మాట నుండి ఏర్పడినదే.