బాలి ‘మెలుకాత్’: శాసనం, పదం, నదీనామం

ప్రవేశిక:
బాలి ద్వీపవాసుల మతానికి ‘ఆగమ తీర్థ’ అనే పేరు కూడా ఉంది. 1964లో డచ్ పండితుడు హూయ్‌కాస్ తన గ్రంథానికి ఈ పేరే పెట్టాడు. జాతకర్మ మొదలు దహన సంస్కారం వరకు అక్కడి క్రతువులన్నింటా తీర్థజలానికి ప్రధాన స్థానం ఉంది. వీటిలో దేహ, మనోమాలిన్యాలను తొలగించే జలశుద్ధి విధిని ‘మెలుకాత్’ అంటారు. దీనిని భారతీయ తీర్థస్నానానికి అనుకరణగా భావించడం పరిపాటి. ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

శాసనాధారం:
తంపక్‌సిరింగ్ సమీపంలోని మనుకాయ గ్రామ శిలాశాసనం చంద్రభయసింహ వర్మదేవుని కాలానిది. దీనిని సాధారణంగా శక 884కు, అనగా సా.శ. 962కు చెందినదిగా పేర్కొంటారు. నేటి తీర్థ ఎంపుల్ ఆలయంలోని నీటి ఊట ఇందులో ప్రస్తావితమైంది. రాజు పేరు సంస్కృతం. ఊట పేరు దేశీయం. ఆ ఊటనీరే పకెరిసాన్ నదిలో కలిసి దిగువ వరిపొలాలను తడుపుతుంది. కాబట్టి ఇక్కడ పావనత్వాన్ని సేద్యం నుంచి వేరుచేసి చూడలేము.

పదచరిత్ర, విధి:
‘మెలుకాత్’కు మూలమైన ‘లుకత్’ ప్రాచీన జావా పదం. దోషం నుంచి, శాపం నుంచి విడిపించడం దీని అర్థం. ‘సుదమల’ అనే జావా కావ్యంలో సహదేవుడు దుర్గకు శాపవిమోచనం కలిగించడం ఈ భావనకు సాహిత్య నిదర్శనం. తీర్థ ఎంపుల్‌లో భక్తులు ముందుగా పూలతో కూడిన ‘చనాంగ్’ను సమర్పించి, ఆపై ఒక్కొక్క ధార కింద తల వంచుతారు. అంత్యక్రియలకు కేటాయించిన ధారలను మాత్రం విడిచిపెడతారు. 210 రోజుల పవుకోన్ పంచాంగంలో సరస్వతీ దినం మరునాటి వేకువన చేసే శుద్ధిస్నానం ‘బన్యు పినరుహ్’.

నదీనామ స్మరణ:
బాలి అర్చకులు పఠించే ఒక సంస్కృత శ్లోకంలో గంగ, సింధు, యమునలతో పాటు గోదావరి, మహేంద్రతనయ పేర్లు వినిపిస్తాయి. మహేంద్రతనయ శ్రీకాకుళం జిల్లా బారువ వద్ద సముద్రంలో కలిసే నది. ఈ నదుల నీటిని బాలికి తరలించనవసరం లేదు. నామోచ్చారణతో స్థానిక జలమే ఆ నదులవుతుంది. తెలుగువారి స్నానవిధిలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది.

ముగింపు:
మెలుకాత్‌లో మంత్రం భారతీయం. ఊట, క్రియాపదం, పంచాంగం స్థానికం. అనుకరణ అనే మాట ఇందులో మొదటి అంశాన్ని మాత్రమే వివరిస్తుంది. నదీనామాలు సముద్రం దాటగలిగాయి, కానీ వాటికి నిలువనీడ ఇచ్చింది బాలి నీరే.