పడకసీనులో అర్జునుడు

తెనాలి. సాయంత్రం ఆరు దాటింది. మేడమీద గదిలో చాపలు పరిచి, గోడవారగా హార్మోనియం పెట్టారు. కింద బజారులో ఆటోల గోల. కిటికీలు మూసినా తగ్గదు. మీకు అర్జునుడి వేషం ఇచ్చారు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో పడకసీను. కృష్ణుడు పడుకుని ఉంటాడు. యుద్ధంలో సాయం అడగడానికి దుర్యోధనుడు ముందుగా వచ్చి తలవైపు ఆసనం మీద కూర్చుంటాడు, ఆ తర్వాత అర్జునుడు వచ్చి కాళ్లవైపు నిలబడతాడు.

మీరు పద్యం బట్టీపట్టే వచ్చారు. ఫోన్లో పాత రికార్డు వినీ వినీ రాగంతో సహా దించేశారు. హార్మోనిస్టు శ్రుతి ఇవ్వబోతుంటే మాష్టారు చెయ్యెత్తి ఆపారు.

"రాగం తర్వాత. ముందు మాట చెప్పు."

"పద్యమేనా మాష్టారూ?"

"పద్యమే. మీ బావతో మాట్లాడుతున్నట్టు చెప్పు."

మొదలుపెడతారు. మొదటి పాదం చివర ఆగుతారు.

"ఎందుకు ఆగావు?"

"పాదం అయిపోయిందండి."

"పాదం అయిపోయింది. మాట అయిపోలేదుగా!"

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాలకి 21, యతి పదకొండో అక్షరం దగ్గర. కవి ఆ లెక్క తప్పకుండా రాస్తాడు, కానీ వాక్యం పాదం దగ్గర ఆగకుండా ముందుకు పోతుంది. మాష్టారు పెన్సిలు తీసి మీ కాగితం మీద గీతలు పెడుతున్నారు. గీత ఉన్నచోటే ఊపిరి తీసుకోవాలి. సమాసం మధ్యలో ఒక్క గీతా లేదు. అంత పొడుగు సమాసాన్ని ఒకే ఊపిరిలో చెప్పాలంటే ముందే పొట్టనిండా గాలి పీల్చుకుని ఉండాలి. రెండుసార్లు దమ్ము చాలక మధ్యలో తెగిపోతుంది. మూడోసారి చివరిదాకా వెళ్తుంది, ఆ వెళ్లడంలోనే అర్థం మీకే మొదటిసారి వినపడుతుంది. అర్జునుడు ఏం అడుగుతున్నాడో, ఎంత భయపడుతూ అడుగుతున్నాడో తెలుస్తుంది.

అప్పుడు హార్మోనియం పలుకుతుంది. రాగం ఇప్పుడు మాటల వెంట వస్తోంది.

మైకుల్లేని రోజుల్లో చివరి వరసకి వినపడాలని నటులు పై శ్రుతుల్లో పాడేవారు. జనం వన్స్‌మోర్ అంటే అదే పద్యం మళ్లీ అందుకునేవారు. షణ్ముఖి ఆంజనేయరాజు గానం కోసమే జనం తరలివచ్చేవారు. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు మాట్లాడుతుంటే ప్రతి మాటా విడివిడిగా అర్థమయ్యేది. రెండూ గొప్ప దారులే. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం పీసపాటి దారినే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. మాట స్పష్టంగా వచ్చినవాడికి రాగం నేర్పొచ్చు. సాగదీయడం అలవాటైన గొంతుకి మాట నేర్పడం చాలా కష్టం.

ఇక సీను. నేలమీద సుద్దముక్కతో మంచం గీశారు, అడ్డంగా, ప్రేక్షకులకు తలా కాళ్లూ రెండూ కనపడేలా. పడుకున్న మనిషి లేచి కూర్చుంటే చూపు తనంతట తానే కాళ్లవైపు పడుతుంది. కృష్ణుడి కంట ముందు పడేది అర్జునుడే. కథంతా ఆ చూపు మీదే నడుస్తుంది కాబట్టి మీరు సుద్దగీతకి జానెడు అటూఇటూ అయినా కుదరదు. కృష్ణుడి వేషం డిగ్రీ చదివే అమ్మాయిది. ఈ ఊరి రామవిలాస సభ నాటకాల్లోనే స్థానం నరసింహారావు ఆడవేషాలు కట్టి మెప్పించారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఇప్పుడు అదే ఊళ్లో ఓ అమ్మాయి పీతాంబరం కట్టుకుని నిద్ర నటిస్తోంది. చూస్తే ముచ్చటేస్తుంది.

ఆమె కళ్లు తెరిచి, మిమ్మల్ని చూసి, కుశలమడుగుతూ పద్యం ఎత్తుకుంటుంది. మీరు చేతులు జోడించి నిలబడాలి, అంతే. తేలికనిపిస్తుంది కదా? పద్యం సగంలోకి రాకముందే మోచేతులు కిందికి దిగుతాయి. బరువు ఒక కాలి మీదికి వెళ్తుంది. చూపు హార్మోనిస్టు వేళ్ల మీదికి జారుతుంది.

"అబ్బాయ్, ఆవిడ మీ అన్నదమ్ముల క్షేమం అడుగుతోంది. నువ్వేమో నీ పద్యం ఎప్పుడొస్తుందా అని కాచుక్కూచున్నావు."

మళ్లీ మొదటినుంచి. ఈసారి వింటారు. ధర్మరాజు మాట రాగానే మీ తల కొద్దిగా వంగుతుంది. ఎవరూ వంచమని చెప్పలేదు. మాష్టారు ఏమీ అనరు, అనకపోవడమే మెప్పు.

తర్వాత కిరీటం తెచ్చి పెడతారు. నాటకం రోజున కొత్తగా అనిపించకూడదని రిహార్సల్లోనే పెట్టిస్తారు. లోపల మడిచిన గుడ్డ, వెనక బిగించిన నాడా, నుదుటి మీద ఒరుసుకునే అట్ట అంచు. ఇప్పుడు మంచం దగ్గరికి వెళ్లి కృష్ణుడి పాదాలకు మొక్కాలి. మెడ వంచారంటే కిరీటం ముందుకి జారుతుంది. మాష్టారు తానే చేసి చూపిస్తారు: ముందు కుడి మోకాలు దించాలి, నడుము నిటారుగా ఉంచాలి, చేతులు పాదాల దాకా వెళ్లాలి, తల చివర్లో, అదీ కొంచెమే. డెబ్బై దాటిన మనిషి, గోడ పట్టుకోకుండా కూర్చుని లేచారు.

కాంట్రాక్టు నాటకాల్లో పేరున్న నటులు తలా ఒక ఊరి నుంచి వచ్చి, రంగులు పూసుకుంటూనే ఒకరినొకరు పలకరించుకుని, నేరుగా స్టేజీ ఎక్కేవారు. ఒకే నాటకంలో సీనుకొక కృష్ణుడు మారేవాడు. వాళ్లకి అది చెల్లింది, ప్రతి సీనూ ఎన్నో రాత్రులు ఆడి ఆడి ఒంటపట్టింది కనుక. కొత్తవాళ్లకి మాత్రం ఈ చాప, ఈ సుద్దగీత, ఈ పెన్సిలు గుర్తులు తప్పవు.

ఉగాదికో శ్రీరామనవమికో మీ దగ్గర పద్యనాటకం వేస్తుంటే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. చెవికి ఇంపుగా ఉన్న పద్యానికి అర్థం ఇంటికొచ్చాక వాళ్లకు విప్పి చెప్పండి. మీకే నేర్చుకోవాలని ఉంటే నాటకం అయ్యాక తెర వెనక్కి వెళ్లి అడగండి. పెద్ద వేషాలకి పోటీ ఉంటుంది గానీ, చేతులు జోడించి నిలబడే వేషాలకి మనుషులు ఎప్పుడూ కావాలి.