పదుల నుంచి మొదలు: నోటిలెక్కకు ఒక పూర్వచరిత్ర

మదనపల్లెలో కూరగాయల అంగడి దగ్గర తండ్రి పక్కన కూర్చునే పిల్లవాణ్ణి నలభై ఏడుకు ముప్పై ఎనిమిది కలపమనండి. వాడు కాగితం అడగడు. "నలభై, ముప్పై డెబ్బై, ఏడు, ఎనిమిది పదిహేను, ఎనభై ఐదు" అంటాడు. బడిలో పలక చేతికిస్తే అదే పిల్లవాడు ఒకట్ల నుంచి మొదలుపెడతాడు: పదిహేనులో ఐదు వేసి, ఒకటి పదుల స్థానానికి చేరుస్తాడు. ఇక పలక తీసేసి, బడి పద్ధతిలోనే నోటితో చెప్పమంటే, లేని పలకను కళ్లముందు ఊహించుకుంటూ, చేర్చవలసిన ఒకటిని మధ్యలో మరచిపోతాడు. బడి పద్ధతి శాస్త్రీయమనీ, అంగడి పద్ధతి మోటుదనీ మనలో చాలామంది భావిస్తారు. చరిత్ర ఈ భావనను బలపరచడం లేదు.

తొమ్మిది అంకెలు, ఒక సున్న, స్థానాన్ని బట్టి విలువ అనే ఈ విధానం భారతదేశంలో పుట్టినదే. క్రీ.శ. 662లోనే సిరియా పండితుడు సెవెరస్ సెబోఖ్త్ భారతీయుల తొమ్మిది అంకెలను ప్రశంసించాడు. తొమ్మిదో శతాబ్దిలో బాగ్దాదులో అల్-ఖ్వారిజ్మీ ఈ లెక్కల మీద గ్రంథం రచించాడు. దాని అరబ్బీ మూలం నశించింది. లాటిన్ అనువాదం మిగిలింది. అదే శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాయగా, పదకొండో శతాబ్దిలో పావులూరి మల్లన దానిని తెలుగు చేశాడు. ఒకే శాస్త్రం పడమటికీ మన నేలకూ కూడా అనువాదాల ద్వారానే చేరిందన్నమాట. అనువాదమే వృత్తిగా గల నాకు ఇది మరచిపోరాని విషయం.

ఆ కాలంలో లెక్క చేసినది కాగితం మీద కాదు, ధూళి పరచిన బల్ల మీద. క్రీ.శ. 1000 ప్రాంతంలో గీలాన్‌కు చెందిన కూష్యార్ ఇబ్న్ లబ్బాన్ హిందూ గణితంపై రాసిన పుస్తకంలో కూడికకు ఇచ్చిన ఉదాహరణ చూడండి: 5625కు 839 కలపాలి. ఆయన ఒకట్ల జోలికి ముందు పోడు. వందల స్థానంలో ఆరుకు ఎనిమిది కలిపితే పద్నాలుగు. వేలిలో ఆరు, వందల్లో నాలుగు: సంఖ్య 6425 అవుతుంది. తరువాత పదులు కలిపితే 6455. చివరకు ఒకట్లు కలిపితే 6464. ప్రతి మెట్టులోనూ పాత అంకెను వేలితో చెరిపి కొత్తది రాయడమే. అంగడి పిల్లవాడు నోటితో చేసేదీ ఇదే క్రమం. ధూళి బల్లకు బదులు వాడికి జ్ఞాపకశక్తి ఉంది, అంతే.

మార్పు కాగితంతో వచ్చింది. హిజ్రీ 341లో, అంటే క్రీ.శ. 952-53లో, దమిష్క్ నగరంలో అల్-ఉక్లీదిసీ భారతీయ గణితంపై ఒక గ్రంథం రచించి, ధూళి బల్ల లేకుండా సిరాతో కాగితం మీద లెక్క చేసే పద్ధతులు చూపాడు. వీధుల్లో జాతకాలు చెప్పి బతికేవారి చేతిలో ఆ బల్ల కనిపిస్తుంది గనుక పెద్దమనుషులు దానిని ముట్టడానికి సంకోచించేవారట. సిరాతో రాసినది చెరపరాదు. కాబట్టి చెరపనక్కరలేని క్రమం కావాలి. ఒకట్ల నుంచి మొదలుపెట్టే పద్ధతి కాగితానికి అమరినది. అది తప్పు కాదు. కాని కాగితం అవసరాన్ని మనసు మీద మోపడం తప్పు.

బల్లా కాగితమూ లేకుండా చేసే లెక్కకు అరబ్బీలో 'హిసాబ్ హవాయీ', అంటే గాలిలో లెక్క, అని పేరుంది. జెరూసలేములో బోధించి 1412లో మరణించిన ఇబ్నుల్ హాయిమ్ దీనిపై ప్రత్యేక గ్రంథమే రాశాడు. ఇక మహావైద్యుడు ఇబ్న్ సీనా, బాల్యంలో తన తండ్రి భారతీయ లెక్కలు నేర్చుకోవడానికి ఒక కూరగాయల వర్తకుని వద్దకు పంపాడని స్వీయచరిత్రలో చెప్పుకున్నాడు. ఆ ఇంటివారు అంగడిని చిన్నచూపు చూడలేదు.

మన ప్రాంతానికి వద్దాం. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలో ఉండేది. పొరుగున ఉన్న బళ్లారి నుంచి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో, పిల్లలు మొదట ఇసుకలో వేలితో రాయడం నేర్చుకుంటారనీ, పెద్ద పిల్లలు చిన్నవారికి చెబుతారనీ ఉంది. మన వీధిబడి ఇసుక ఆ ధూళి బల్లకు దగ్గరి చుట్టమే.

భాష విషయం కూడా ఇక్కడ ముఖ్యమైనది. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో పిల్లల చెవిని తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ తాకుతాయి. ఇరవై ఒకటి, ఇరుబత్తొన్ను, ఇప్పత్తొందు: మూడింటిలోనూ పదులే ముందు, పైగా విడిగా వినబడతాయి. ఉర్దూలో అలా కాదు. సైంతాలీస్, అడ్తీస్ కలిపితే పచాసీ. ఒకట్లు ముందు; పదులు కరిగిపోయి దాదాపు గుర్తుపట్టలేము. ఉన్‌సఠ్ అయితే అరవైకి ఒకటి తక్కువ! నూరు వరకు ప్రతి పేరూ విడిగా కంఠస్థం చేయవలసిందే. పైగా ఉర్దూ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంటే, సంఖ్య ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. పిల్లవాడు తడబడితే అది మందబుద్ధి కాదు.

చిన్నప్పుడు మక్తబులో పచాసీ బదులు పచ్‌పన్ అని నేను చాలాసార్లు దెబ్బలు తిన్నాను. పుంగనూరులో మా మామూ చిల్లర అంగడిలో తెలుగులో లెక్క చెప్పినప్పుడు మాత్రం తప్పేవాణ్ణి కాదు. ఎందుకో తెలియడానికి నాకు విశ్వవిద్యాలయం దాకా పోవలసి వచ్చింది.

మదనపల్లెకు సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ పాఠశాలల్లో 1980ల చివరి నుంచి, ప్రతి పిల్లవాడూ కార్డుల సాయంతో తన వేగంతో మెట్టు మెట్టుగా సాగే పద్ధతి రూపొంది, ఇతర రాష్ట్రాలకు కూడా పాకింది. దాని కీలకం, కింది మెట్టు గట్టిపడనిదే పై మెట్టుకు తొందరపెట్టకపోవడం. నోటిలెక్కకు కింది మెట్టు పది. పుల్లలను పదేసి కట్టలు కట్టించి, నాలుగు కట్టలకు మూడు కట్టలు ముందు చేర్పించి, విడి పుల్లలు తరువాత లెక్కపెట్టించాలి. పదిహేను విడి పుల్లల్లో మరో కట్ట దాగి ఉందని పిల్లవాడే కనుక్కుంటాడు. ఆ తరువాతే పలక.

ఉర్దూ పిల్లలకు బోధించే ఉస్తాదులకు ఒక మనవి. పిల్లవాడు సైంతాలీస్‌ను 'చాలీస్ ఔర్ సాత్' అని విడగొట్టి చెప్పినా, మధ్యలో తెలుగు మాట వాడుకున్నా అడ్డుకోకండి. జవాబును చివరకు ఉర్దూలో చెప్పించండి. హింద్ లెక్కను బాగ్దాదు పరభాష నుంచి స్వీకరించింది. ఆ స్వీకారం దానికి గౌరవమే తెచ్చింది.