బల్ల మీది రైలు

మన గోరంట్లకు రైలు లేదు. రైలెక్కాలంటే హిందూపురమో పెనుకొండో పోవాలి. అటువంటి ఊరివాడు రైళ్ల చరిత్ర రాయడమేమిటని సభ్యమిత్రులు నవ్వవచ్చు. కానీ మా ఇంట్లోనే ఒక రైలు పడిపోయింది.

కరువు భత్యం బకాయి చేతికందినప్పుడు మనుమడికి కరెంటుతో నడిచే బొమ్మ రైలు కొన్నాను. భోజనాల బల్ల మీద పట్టాలు పరిచాము. చోటు చాలక ఒక వంపును అంచుకు రెండు వేళ్ల దూరంలో పెట్టించింది నేనే. వాడు వేగం పెంచాడు. ఇంజను పట్టా తప్పి తాడిపత్రి బండల మీద పడింది. ముందు ఇరుసు విరిగింది. వాడు ఏడవలేదు, నావైపు చూసి ఊరుకున్నాడు. ఆ చూపుకే ఈ విషయం చదవడం మొదలుపెట్టాను.

బొమ్మ రైళ్లకు మొదట్లో ఈ భయం అంతగా లేదు. 1891లో జర్మనీలోని మెర్క్లిన్ కంపెనీవారు లీప్‌జిగ్ సంతలో నిర్ణీత కొలతల పట్టాలతో రైళ్లను ప్రదర్శించారు. 1920లో ఇంగ్లండులో హార్న్‌బీ రైళ్లు వచ్చాయి. అవి కీ ఇస్తే నడిచేవి. ఇవన్నీ పెద్దవి, ఎక్కువగా నేల మీద పరుచుకొని ఆడేవి. నేల మీద నడిచేది ఎక్కడికని పడుతుంది? 1922లో బింగ్ కంపెనీవారు ఇంచుమించు సగం కొలతలో ఒక రైలు చేసి, దానికి ‘బల్ల రైలు’ అనే పేరే పెట్టారు. రైలు బల్ల ఎక్కింది, దానితోపాటే అంచు బెడద వచ్చిందని నా లెక్క.

పెద్ద రైలుకు వంతెనే అంచు. గుంతకల్లు నుండి మైసూరు సరిహద్దు దాకా మన మీటరు గేజి దారిని 1893లో తెరిచారు. ఇప్పుడది బ్రాడ్ గేజి. గర్డరు వంతెనల మీద, బండి నడిచే పట్టాల లోపలి వైపున ఇంకో జత పట్టాలు కనిపిస్తాయి. మిగిలిపోయిన పట్టాలను అక్కడ దాచారని సర్వీసులో ఉన్నన్నాళ్లూ అనుకునేవాణ్ణి! అవి గార్డు పట్టాలు. బ్రాడ్ గేజిలో నడిచే పట్టాకూ దీనికీ మధ్య సుమారు 250 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. వంతెన దాటాక వాటి కొసలను దగ్గరకు వంచి ముక్కులాగా కలుపుతారు. చక్రం పట్టా తప్పకుండా చూడటం వాటి పని కాదు. తప్పిన చక్రాన్ని ఆ సందులో పట్టి ఉంచి, బండి పక్కకు పోయి ఏట్లో పడకుండా చూడటం. వంతెనే పోతే అవీ ఏమీ చేయలేవు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర చెరువు తెగి వంతెన కొట్టుకుపోయినప్పుడు డెల్టా ప్యాసింజరు పడి వందమందికి పైగా చనిపోయారు.

పట్టా తప్పడం వేరు, అంచు దాటడం వేరు అని అప్పుడు తెలిసింది. నేను మొదటిదాన్నే సరిచేస్తూ కూర్చున్నాను. పట్టాల అతుకులు సరిచూడటం, వేగం తగ్గించమని పిల్లవాణ్ణి కసరడం, ఇదే పని. తర్వాత వంపును జానెడు లోపలికి జరిపాము. బల్ల చుట్టూ మూడంగుళాల ఎత్తున దళసరి ప్లాస్టిక్కు రేకు బిగించాము. చెక్క అయితే రైలు కనబడదని మనుమడు ఒప్పుకోలేదు. మధ్యలో ఎత్తి తీసే పలక గల పెద్ద లేఅవుట్లలో, పలక లేపగానే దాని ముందరి పట్టాకు కరెంటు ఆగేటట్లు తీగలు కలుపుతారట. మాకంత అవసరం లేదు.

ఇరుసును హిందూపురంలో గడియారాలు బాగుచేసే ఆయన వేసిచ్చాడు. ఇంజను కాస్త కుంటుతుంది. రేకు బిగించిన రోజే మనుమడు కావాలని రెండుసార్లు పట్టా తప్పించి చూశాడు. రెండుసార్లూ ఇంజను రేకుకు ఆనుకొని నిలబడింది.